కేటలాగులో బాపు

సూరత్‌లో మా తమ్ముడింట్లో రెండేళ్లు నిండని పిల్లకు పదిహేడు బొమ్మల పుస్తకాలున్నాయి. ఆల్థాన్‌లోని ఆ ఫ్లాటుకు వెళ్లినప్పుడల్లా సోఫాలో కూర్చోవాలంటే ముందు వాటిని పక్కకు జరపాలి కాబట్టి ఆ లెక్క నాకు తెలుసు. ఒక్కొక్కటి పలకంత మందం. పిల్ల చింపకుండా అంత గట్టి అట్టతో చేస్తారట. చింపడం లేదన్న మాట నిజమే, మూలలు కొరుక్కుని తింటోంది. ఒక పుస్తకం నిండా మంచే. మంచుతో చేసిన మనిషి, మంచుగడ్డలతో కట్టిన ఇల్లు, మంచు మీద తెల్ల ఎలుగుబంటి. మంచును ఐసు గోలాలమ్మే బండి మీద తప్ప ఎరగని సూరత్ పిల్లకు మా మరదలు నవ్య ఆ బొమ్మలు చూపించి, ఎలుగుబంటి ఏదని ఇంగ్లిషులో అడుగుతుంది. పిల్ల వేలు పెడుతుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ చప్పట్లు కొడతారు. వీడియో సరిగా రాలేదని తేలితే అదే బొమ్మ మీద మళ్లీ వేలు పెట్టమని బతిమాలతారు. అప్పటికి పిల్లకు ఆ ఎలుగుబంటి మీద మొహం మొత్తి ఉంటుంది. నాకైతే మొదటిసారికే మొత్తింది.

ఇంకో పుస్తకంలో గొర్రెపిల్ల ఉంది. దాని ఒంటి మీద అరచేతి వెడల్పున బొచ్చులాంటి గుడ్డముక్క అంటించారు. పిల్ల దాన్ని తడిమి మెత్తగా ఉందని తెలుసుకోవాలట. ఆ ముక్క కోసం పుస్తకాన్ని విదేశం నుంచి తెప్పించారు. ఊరంతా గుడ్డలు నేసే ఊళ్లో, గుడ్డలు నేసి పెరిగిన ఇంట్లో, పిల్ల గుడ్డను ముట్టుకోవాలంటే సముద్రం అవతల నుంచి పుస్తకం రావాలి. ఆ మాటే అంటే నవ్య నొచ్చుకుంది. "అలా తీసిపారేయకండి వదినా, పిల్లల బ్రెయిన్‌కి ఇవి చాలా అవసరమంట," అంది. నవ్య మంచి పిల్లే. విజయవాడ వైపు అమ్మాయి, వాళ్ల నాన్న ఈ ఊరి పక్కనే హజీరా ఫ్యాక్టరీల్లో మేనేజరుగా చేశాడు. ఏం చేసినా ఎవరో ఎక్కడో చెప్పింది చదివి చేస్తుంది గాని, తన బుద్ధికి తోచింది చేసిన పాపాన పోదు. పిల్ల ఏడిస్తే కూడా ముందు ఫోను తీస్తుంది, తర్వాత పిల్లను తీస్తుంది.

ఆ ఫోనులో ఒక పట్టిక ఉంది. పిల్లకు ఏ నెలలో ఏమేం రావాలో అందులో వరసగా ఉంటాయి. బంతి తన్నడం, మెట్లెక్కడం, రెండు మాటలు కలిపి చెప్పడం. వచ్చినదాని పక్కన ఆకుపచ్చ గుర్తు పడుతుంది, రానిది బూడిదరంగులో ఉండిపోతుంది. మా శ్రీను హజీరాలో ఇంజనీరు. అక్కడ యంత్రాలకు చేసే తనిఖీ ఇంట్లో కూతురికీ చేస్తాడు. సాయంత్రం బూట్లు విప్పకముందే ఇవాళ కొత్తగా ఏం వచ్చిందని అడుగుతాడు. ఒకరోజు నేనుండగా పిల్ల తనంతట తాను చెప్పులు తొడుక్కుంది. కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి. అలాగే గుమ్మం దాకా నడిచి, నా వైపు తిరిగి, "అత్త పో" అంది. రెండు మాటలు కలిశాయి కదా, పెట్టండి మీ గుర్తు, అన్నాను. అది తెలుగులో అన్నది కాబట్టి పట్టికలోకి వస్తుందా రాదా అని ఇద్దరూ కాసేపు తర్జనభర్జన పడ్డారు. పిల్ల నన్ను ఇంట్లోంచి పొమ్మన్నదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంత ఎకసెక్కం ఆడుతున్నాను గాని, నేనేమీ పిల్లల పెంపకంలో ఆరితేరిన మనిషిని కాదు. ఈ ఊరి తెలుగు బడిలో చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దించాను, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకున్నాను, అంతే. పిల్లల్ని కనలేదు. పెంచింది మాత్రం ఒకణ్ణి, ఈ శ్రీనునే. వాడికీ నాకూ మధ్య పదకొండేళ్ల తేడా. అమ్మ ఇక పిల్లలు పుట్టరని ఆశ వదులుకున్నాక పుట్టాడు. వాడి మొదటి రెండేళ్లూ వాడు నా చంక దిగలేదు. ఆ రెండేళ్లు వాడికి గుర్తులేవు, ఎవరికీ ఉండవు. అయినా వాటిని గురించి తీర్పు చెప్పడానికి మాత్రం ముందుంటాడు.

బాపు పోయి ఏడాదైంది. మా కరీంనగర్ వైపు నాన్నను బాపు అంటాం. మొన్న ఏడాది మాసికం పెట్టాం. వచ్చిన నలుగురూ భోజనాలు చేసి వెళ్లిపోయారు, నవ్య లోపల గిన్నెలు సర్దుతోంది. శ్రీను పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని గొర్రెపిల్ల పుస్తకం తిప్పుతున్నాడు. పిల్ల సరిగ్గా వేలు పెట్టింది, వాడు మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే గోడ మీద బాపు ఫొటో వైపు ఒకసారి చూసి, మామూలుగా వానొచ్చేట్టుంది అన్నంత తేలిగ్గా అన్నాడు.

"నేనైతే బాపు లెక్క ఉండద్దనుకున్న అక్కా. ఆయనకు సాంచాలు, నిద్ర, గంతే. నాకు మాటలెప్పుడొచ్చినయో గూడ ఆయనకు ఎర్క ఉండకపోవచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగాను. మింగడానికి కారణం మర్యాద కాదు, భయం. వాడన్నది ఎంత తప్పో చెప్పగలిగినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను. చెప్పకపోతే కొడుకు దృష్టిలో బాపు ఎప్పటికీ పట్టించుకోని తండ్రిగానే ఉండిపోతాడు. చెప్పాలంటే మాత్రం, ఆ సంగతి మొదలయ్యేదే నేను చేసిన ఒక పాడుపని దగ్గర. దాన్ని నేను ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేం ఈ ఊళ్లోనే, వడోద్‌లో ఉండేవాళ్లం. ఎదురెదురుగా పద్నాలుగు గదులు, రెండు కుళాయిలు, చివర మరుగుదొడ్లు. పాత రోజులు బంగారమని రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మా గదిలో బంగారం వాసన రాలేదు. కిరసనాయిలు వాసన, జిగురు వాసన, బాపు బట్టల్లోంచి యంత్రాల నూనె వాసన వచ్చేవి. జిగురు అమ్మ పనిది. రమీలాబెన్ అనే ఆవిడ మార్కెట్టు నుంచి చీరల మూటలు తెచ్చి గదిగదికీ పంచేది. ఆ చీరల పూల మీద మెరిసే టిక్కీలు అంటించి సాయంత్రానికి తిరిగివ్వాలి. అమ్మ పొద్దున కూర్చుంటే నడుం ఎత్తేది కాదు. వంట కూడా ఎడమచేత్తో కలియబెట్టేది, కుడిచేతి వేళ్లకు జిగురు కాబట్టి. శ్రీనుకు ఆ టిక్కీలంటే ప్రాణం. ఒకసారి నోట్లో పెట్టుకున్నాడు, ఇంకోసారి ముక్కులో దూర్చుకున్నాడు. వాణ్ణి గదిలో ఆ చివరికి రానివ్వకుండా చూసుకోవడం నా పని. నాది పొద్దుటి బడి కాబట్టి పదకొండున్నరకే ఇంట్లో ఉండేదాన్ని, ఆ తర్వాత పొద్దుగూకే దాకా వాడు నా సొత్తే.

బాపు పాండేసరాలో సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. పదిహేను రోజులు పగటి పాళీ, పదిహేను రోజులు రాత్రి పాళీ. పగటి పాళీలో శ్రీను లేవకముందే వెళ్లి, వాడు పడుకున్నాక వచ్చేవాడు. రాత్రి పాళీలో పొద్దున వచ్చి, గది మధ్యలో అడ్డంగా కట్టిన పాత చీర వెనక పడుకునేవాడు. అప్పుడు మేం గుసగుసలాడుకుంటూ బతకాలి. వాడు గిన్నె పడేస్తే నోరు మూసేదాన్ని, నవ్వితే కూడా మూసేదాన్ని. చప్పుడు చెయ్యకు, బాపు పండుకున్నడు. ఆ మాట వాడికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అంటే వాడికి తెలిసినంతలో బాపు అనేది చీర వెనక ఉండే ఒక గురక, దాన్ని లేపకూడదు. ఇందులో బాపు తప్పు ఏముందో శ్రీను నాకు చెప్పాలి. హజీరాలో పన్నెండు గంటలు నిలబడి యంత్రాల చప్పుడు విని వచ్చి, ఆకుపచ్చ గుర్తులు ఎన్ని పడ్డాయని అడిగే ఓపిక ఉంటుందేమో చూద్దును.

ఇక బొమ్మల పుస్తకం సంగతి. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. రమీలాబెన్ ఒకరోజు మూట విప్పుతుంటే అడుగున పాత కేటలాగు ఒకటి వచ్చింది, ప్యాంటు షర్టు గుడ్డలది. దుకాణాలవాళ్లకు చూపించడానికి మార్కెట్టులో వేస్తారు. పేజీకొక బొమ్మ, పక్కన ఆ గుడ్డ ముక్క అంటించి ఉంటుంది. పాతదైపోయింది, పారెయ్యబోతుంటే నేను అడిగి తీసుకున్నాను. శ్రీను ఆ ముక్కల్ని గంటలకొద్దీ తడిమేవాడు. గొర్రెపిల్ల పుస్తకం తెప్పించినవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. ఏ బొమ్మకు ఏ ముక్కో వాడికి కంఠతా వచ్చేసింది. నేను పేర్లు చెప్పేదాన్ని. ఇది కారు, ఇది కుక్క, ఇది టోపీ. ఒక పేజీలో కారుకు ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉండేవాడు. బూడిదరంగు సూటు, దువ్విన క్రాపు, సన్నని మీసం, ఒక చెయ్యి జేబులో. ఆ పేజీ వచ్చినప్పుడు నేను వేలు పెట్టి, ఇగో బాపు, అన్నాను.

ఊరికే అనలేదు, సరదాకీ అనలేదు. ఆ వారమే బాపు రాత్రి పాళీ దిగి ఇంటికొచ్చి, నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి స్నానమైనా చేయకుండా మా బడికి వచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద, చెవుల మీద మిల్లులోని తెల్లటి నూగు. మీ నాన్నకు బూజు పట్టిందేమే అని నా పక్క పిల్ల అడిగింది, బెంచీ బెంచీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన మా నాన్న కాదు, పక్కగది మనిషి అన్నాను. బాపు అప్పటికి గేటు దాటాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇంటికి వచ్చి ఆ సూటు మనిషిని తమ్ముడికి తండ్రిగా చూపించాను. వాడికైనా మంచి బాపు ఉంటాడనుకున్నాను కాబోలు. పన్నెండేళ్లకే నాకు అంత బుద్ధి ఉండేది. వాడు నాలుగు రోజుల్లో నేర్చుకున్నాడు. ఆ పేజీ రాగానే ముందే వేలు పెట్టి, బాపు అనేవాడు. చక్కగా, స్పష్టంగా.

మావాళ్లలో పసిపిల్లలకు ఏది వచ్చినా తిండి పంచుతారు. బోర్లపడితే బొబ్బర్లు ఉడికించి పంచుతారు, గడప దాటితే గారెలు, నడిస్తే అరిసెలు, మాటలొస్తే చక్కెర చిలకలు. ఇంటి చుట్టూ ఉన్నవాళ్లు నోట్లో వేసుకుంటేనే పిల్లవాడికి అది వచ్చినట్టు లెక్క. ఇదీ ఏమంత గొప్ప కాదులెండి, గారెలు తింటూనే, మా పిల్లవాడు ఇంకా ముందే దాటాడు అనే ఆడవాళ్లు ఆ పద్నాలుగు గదుల్లోనూ ఉన్నారు. శ్రీను నడిచిన రోజు బాపు పగటి పాళీలో ఉన్నాడు. ఆయనకు అరిసెలు దక్కాయి, అడుగులు దక్కలేదు. పిల్లవాడికి మాటలొస్తున్నాయని అమ్మ చెప్పినప్పుడు ఆయన, మాటలకైతే నేనుండాలె అన్నాడు. బాపు అని కూడా అంటున్నాడని అమ్మ చెప్పింది. ఆ మాట వాడు చీర వెనకవైపు చూసి కాక పుస్తకం చూసి అంటున్నాడని అమ్మకు తెలుసో లేదో. వంచిన తల ఎత్తితే కదా చూడ్డానికి.

సాంచాలు బందైన రోజు ఆ వేడుక పెట్టుకున్నారు. చక్కెర చిలకలు ఈ ఊళ్లో దొరకవు, వాటి బదులు బాపు పతాసాలనే పంచదార బిళ్లలు తెచ్చాడు. ఆ పొద్దున ఆయన తలంటుకుని, నూనె రాసి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎదురుగది నర్సయ్య కాక, రమీలాబెన్, ఇంకో నలుగురైదుగురు గుమ్మం దగ్గర నిలబడ్డారు. బాపు చాప మీద కూర్చుని చేతులు చాచి, "శ్రీనూ, బాపు ఏడిరా?" అన్నాడు. వాడు నిలబడి ఆ చేతుల్ని చూశాడు. తర్వాత వాటిని తప్పించుకుని మంచం కిందికి దూరి, కేటలాగు ఈడ్చుకొచ్చి, అందరి మధ్యా కూర్చుని పేజీలు తిప్పి, సూటు మనిషి మీద వేలు పెట్టాడు. "బాపు" అన్నాడు.

అందరూ నవ్వారు. నర్సయ్య కాక అయితే, "నీ కొడుకు తెలివిగల్లోడే లింగన్నా, మంచి సూటుబూటు బాపును ఎంచుకున్నడు," అని తొడ మీద చరుచుకున్నాడు. బాపు కూడా నవ్వాడు, చాచిన చేతులు వెనక్కి తీసుకుని. నవ్వుతూనే అమ్మ వైపు చూసి ఎవలు నేర్పిన్రని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. నా ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది. అమ్మ బాపు వైపు తిరిగి, నేనే నేర్పిన, అన్నం తింటలేడని బొమ్మలు జూపించిన, అంది. బాపు నవ్వు ఆగిపోయింది.

"గంత మంచిగున్నడనుకుంటే ఆన్నే పెండ్లి చేసుకోకపోయినవ్," అన్నాడు.

పదిమందిలో అన్నాడు. అమ్మ పతాసాల పళ్లెం తీసుకుని పంచడానికి లేచింది. నేను నోరు తెరవలేదు. నాకూ ఒక పతాసా ఇచ్చింది, తిన్నాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు, కోపమొచ్చినప్పుడల్లా బాపు ఆ సూటు మనిషిని తవ్వి తీసి అమ్మను దెప్పేవాడు, అమ్మ పడేది. పోయేదాకా నా పేరు చెప్పలేదు. తల్లుల ఓర్పును మెచ్చుకుంటూ నేను రెండు మూడు కథలు కూడా రాశాను. సిగ్గు లేకపోతే సరి.

మళ్లీ పగటి పాళీ వచ్చిన మొదటి సోమవారం, మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక, గుమ్మంలో బాపు ప్రత్యక్షమయ్యాడు. మిల్లులో తిండికి అరగంట ఇస్తారు. పాండేసరా నుంచి మా గదికి బిరబిర నడిస్తే పది నిమిషాలు, తిరిగి వెళ్లడానికి పది, మిగిలింది పది. ఆ పది నిమిషాల కోసం వచ్చాడు. వానాకాలం మొదలైంది, సందులో మోకాలి కింది దాకా నీళ్లు. ప్యాంటు పైకి మడిచి, ఒంటినిండా నూగుతో గడప మీద కూర్చుని, కేటలాగు తెమ్మన్నాడు. మరునాడూ వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. పెళ్లాం మీద మోజు తీరలేదని మిల్లులో ఎగతాళి చేశారట, అక్కడే పనిచేసే నర్సయ్య కాక చెప్పాడు. ఆలస్యమైందని ఒకసారి మేస్త్రీ నలుగురిలో తిట్టాడట. రాత్రి అమ్మ ఆయన టిఫిన్ డబ్బా విప్పితే కొన్నిరోజులు అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది.

ఆ పది నిమిషాలూ ఆయన ఏం చేసేవాడో నాకు బాగా గుర్తు, ఎందుకంటే అప్పట్లో నాకది చూస్తే చిరాకు. ఆయనకు చదువు రాదు, కథ చెప్పడం రాదు, పిల్లలతో ముద్దుముద్దుగా మాట్లాడడం అసలే రాదు. బొమ్మల్ని వదిలేసి గుడ్డముక్కలు చూపించేవాడు. వాడి వేలు పట్టుకుని ముక్క మీద రాయిస్తూ, ఇది పడుగు, ఇది పేక, ఇది అంచు అనేవాడు. అంచున పోగు ఊడిన ముక్క ఉంటే, "ఇగో, తెగింది" అనేవాడు. ఏడాదిన్నర పిల్లవాడికి నేతలో తప్పులు వెతకడం నేర్పే తండ్రిని ఇంకెక్కడా చూడలేదు నేను. వాడికి మాత్రం అది తెగ నచ్చింది. చీపురుపుల్ల విరిగినా, కుళాయి ఆగినా, అమ్మ గాజు పగిలినా 'తెగింది' అనేవాడు. సూటు మనిషి పేజీ వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఆయన ఆ పేజీ చింపలేదు, దాచలేదు, ఈయన నీ బాపు కాదు అని కూడా ఏనాడూ అనలేదు. మంచిగున్నడు, అంగి గూడ మంచిగుంది అని పేజీ తిప్పేసేవాడు. వాడు ఆ బొమ్మను బాపు అంటూనే ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఏమీ అనేవాడు కాదు.

నవ్యకు రోజుకు ఇరవై నిమిషాలు పుస్తకం చూపించాలని ఎవరో చెప్పారు, చూపిస్తోంది. బాపుకు ఎవరూ చెప్పలేదు. ఆయన పది నిమిషాలకు వీడియో లేదు, గుర్తు లేదు, చప్పట్లు అసలే లేవు. ఇప్పుడు ఈ పిల్లకు చూపిస్తున్న ఎలుగుబంట్లన్నీ కూడా రేపు ఈ పిల్లకు గుర్తుండవు. ఆ సంగతి ఆ పట్టికలో ఎక్కడా రాసి లేదు.

ఇదంతా నేను ఆ మధ్యాహ్నం శ్రీనుకు చెప్పాను. పిల్ల వాడి ఒళ్లోంచి దిగి వంటింట్లోకి వెళ్లిపోయింది, వాడు పుస్తకం మూసి కూర్చున్నాడు. పతాసాలు పంచిన రోజు గురించి చెప్పాను, వానలో వచ్చిన పగళ్ల గురించి చెప్పాను. సూటు మనిషిని చూపించింది ఎవరో చెప్పాల్సిన చోట మాత్రం అలవాటైన నోరు అలవాటైన మాటే అంది. అమ్మ చూపించింది, అన్నాను.

"మరి నేను ఆయనను బాపు అని ఎప్పుడన్న?" అన్నాడు వాడు. గొంతులో ఇందాకటి తేలిక లేదు.

చెప్పాను. వానలు పోయి, దసరా అయ్యాక మళ్లీ రాత్రి పాళీ వచ్చింది. అంతకుముందు వచ్చిన రాత్రి పాళీల్లో వాడు ఆ వేళను పట్టించుకోలేదు. బాపు పగలంతా చీర వెనక పడుకుంటున్నాడు కాబట్టి గడప దగ్గరికి ఎవరూ రావడం లేదు. మొదటి రోజు శ్రీను ఆ వేళకు గుమ్మం దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చాడు. రెండో రోజు గడప పట్టుకుని సందు చివరి దాకా చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజు కేటలాగు ఈడ్చుకుని వెళ్లి గడప మీద పెట్టాడు, చూశాడు, ఎవరూ రాలేదు. అప్పుడు సందులోకి తిరిగి, "బాపూ" అని గట్టిగా కేకేశాడు. పుస్తకం మూసే ఉంది. నేను అలవాటుగా వాడి నోరు మూయడానికి పరుగెత్తాను, అమ్మ కూడా జిగురు చేతులతో లేచింది. చీర వెనక గురక లేదు. ఎప్పటి నుంచి మేలుకుని ఉన్నాడో తెలియదు. లేచి రాలేదు, చీర కూడా తొలగించలేదు. లోపలి నుంచే, మాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ఆగుండ్రి. నోరు మూయకుండ్రి. ఇంకోపారి పిలవనియ్యిండ్రి."

వంటింట్లో పిల్ల ఏదో గిన్నె పడేసింది, నవ్య ఏదో అంది. శ్రీను ఫొటో వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, "మల్ల చెప్పు అక్కా. మొదటి నుంచి," అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఈసారి ఆ బొమ్మ చూపించింది అమ్మ కాదని చెప్పాను.